మేడగదిలో నాన్న రైఫిల్

అక్కా,

నేను కులాసా, కంగారుపడకు. "ఖాళీ తుపాకీ అని ఎవరన్నా నమ్మకండి, తెరిచి చూడండి" అని మా షూటింగ్ బడిలో రోజూ నోరు నొప్పెట్టేలా చెప్పే నేనే, మొన్న చూడకుండా పిస్తోలు తీసి కొత్తగా చేరిన దర్జీ ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ తెరిచి చూసి, "మాస్టారూ, లోపల తూటా ఉందండీ" అంది మెల్లిగా. నా పైప్రాణాలు పైనే పోయాయి. తప్పు చేసినవాళ్ళు వారం రోజులు తుపాకీ ముట్టకూడదన్నది నేను పెట్టిన నియమమే. అందుకే వెనక బెంచీ మీద కూర్చుని నీకీ కార్డు రాస్తున్నాను.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను వచ్చేదాకా మేడగదికి తాళం వెయ్యి, పిల్లల్ని వెళ్ళనివ్వకు. గోడకున్న నాన్న రైఫిల్ ఖాళీదేనని చిన్నప్పుడు మనిద్దరం ఒకరికొకరం గురిపెట్టుకుని ఆడుకున్నాం. ఇన్నేళ్ళలో దాన్ని తెరిచి చూసిందెవరో చెప్పు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు