రాగి తీగ తీసేశారు, రఫీ

రఫీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పిడుగును నీ చేతిదాకా మోసుకొచ్చిన ఆ రాగి తీగను ఇవాళ పంప్‌హౌస్‌లో పీకేశారు. కాలువ నీటిమట్టం ఇకనుంచి ఫైబర్ మీదుగా ఆఫీసుకు చేరుతుందట, రెండు చివర్లా సిగ్నల్‌ని వెలుగుగా మార్చే కన్వర్టర్లు బిగించారు. గాజుపోగులో పిడుగు పాకదని నువ్వు మూడేళ్లు మొత్తుకున్నావు. ఈ దేశంలో కాంట్రాక్టు కార్మికుడి మాట వినపడాలంటే వాడు ముందు చావాలి!

యూనియన్ తరఫున నేనూ వెళ్లాను. టెస్టింగ్‌లో ఒక్క అంకె కూడా రాలేదు.

"లైన్ కలవట్లేదండీ," అంది కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మాయి.

"ఒక కొసన రెండు పోగులూ అటుదిటు మార్చి చూడమ్మా. ఇటు పంపే నోరు అటు వినే చెవికి తగలాలి."

మార్చగానే తెర మీద నీటిమట్టం కనపడింది.

"మీకెలా తెలుసండీ?"

గవర్నర్‌పేటలో మన యూనియన్ గదిలో నువ్వు నవ్వుతూ నేర్పిన పాఠమది. "నోటికి నోరు కలిపితే అది లైను కాదన్నయ్యా, మీ మీటింగు!" అన్నావు. రాగి తీగ మార్చమని రాసిన అర్జీని ఆ రోజే నా చేతికిచ్చి, ఆఫీసులో పెద్దసారుకు అందించమన్నావు. సభ అయ్యాక ఇస్తానన్నాను.

ఆ తర్వాత సభలు చాలా అయ్యాయి. నీ అర్జీ ఇంకా నా సంచిలోనే ఉంది.