లైపేజ్ చెప్పని సంగతి

బాబాయిగారి సముఖానికి,

నిన్నటిదాకా మంచినీళ్లు కూడా తాగనివ్వని ఆసుపత్రి మంచం మీద నుంచి, తమరి తాగుబోతు అన్నకొడుకు చేసుకునే విన్నపం.

నా రక్తంలో లైపేజ్ పదింతలు పెరిగిందని వినగానే మీరు వార్డంతా వినేలా, "పదింతలంటే మామూలుగా తాగాడా డాక్టరుగారూ, పీపాలు లాగించి ఉంటాడు" అన్నారు. లైపేజ్ అంటే తాగిన సీసాల లెక్క కాదు బాబాయ్. క్లోమం వాచిందని చెబుతుందే గాని, తాగుడుకి వాచిందో, పిత్తాశయం నుంచి జారిన రాయి అడ్డుపడి వాచిందో చెప్పదు. ఆ సూచన ఇచ్చేది అదే రక్తంలో చూసిన ఏఎల్‌టీ అనే ఇంకో ఎంజైము. అది నాకు బాగా ఎక్కువగా ఉంది కాబట్టి పిత్తాశయంలో రాయి ఉండొచ్చని చిన్న డాక్టరమ్మ అంటోంది. మొదటి స్కానులో గ్యాసు అడ్డొచ్చి సరిగా కనిపించలేదు, మళ్లీ చేద్దామంది.

పెద్ద డాక్టరేమో, "సొంత బాబాయే తాగుతాడని చెప్పాక ఇంకా స్కానెందుకమ్మా? రేపు ఇంటికి పంపించెయ్" అన్నారు. నేను తాగనని మొత్తుకుంటే, "అందరూ అదే అంటారు బాబూ" అని భుజం తట్టి వెళ్లిపోయారు. రాయి లోపలే ఉండిపోతే నొప్పి మళ్లీ వస్తుందట, ఈసారి ప్రాణం మీదికే రావచ్చట. మొన్నటి నొప్పికే నా దగ్గరున్న జోకులన్నీ అయిపోయాయి.

ఇక్కడ నా మాట చెల్లదు, మీ మాటే చెల్లుతుంది. రేపు పెద్ద డాక్టరు రాకముందే వచ్చి, "మావాడు తాగడు" అని చెప్పండి. అంత మాట నోరు దాటకపోతే, "వీడు తాగగా నేనెప్పుడూ చూడలేదు" అనండి. అందులో అబద్ధం లేదని మీకు తెలుసు.

ఇట్లు,
మీ అన్నకొడుకు