వంటకు రమ్మని

లొరెటాకు,

ఈ ఫిబ్రవరిలోనూ వెర్మాంట్‌లో అదే చెక్క ఇల్లు తీసుకున్నాం. మంచు మీద జారే స్కీయింగ్ కొండ దగ్గర హోటల్ తిండి మన తొమ్మిది మందికీ తలకు మించిన ఖర్చు. నిరుడు నాలుగు రోజులూ నువ్వు వండిపెట్టబట్టే గట్టెక్కాం. మా తమ్ముడు పోయినా నిన్ను పరాయిదానిలా చూడలేదు కదా.

ఆఖరి రోజు సంగతి మనసులో పెట్టుకోకు. నీ కూతురు టెస్ మొదటిసారి కొండ మీదనుంచి జారుతుంటే చూడాలని నువ్వు పొయ్యి వదిలి పరుగెత్తావు. మాంసం పులుసు మాడింది. "నిన్ను తీసుకొచ్చింది వంటకమ్మా, వేడుక చూడ్డానికి కాదు" అన్నారు మా ఆయన. అందరం నవ్వాం, నేనూ నవ్వాను. "చూశావా అమ్మా, పడకుండా దిగాను!" అంటూ లోపలికొచ్చిన టెస్ ఆ మాట విని ఆగిపోయింది. స్కీలు మూలన పెట్టి, నీ పక్కన నిలబడి మాడిన గిన్నె తోమింది.

ఈసారి శుక్రవారం పొద్దున్నే రా. బీన్సు, బంగాళాదుంపలు, రొట్టెలు మీ ఊళ్లోనే చవక, అక్కడే కొనుక్కురా. టెస్‌ను మాత్రం ఎవరింట్లోనైనా వదిలిరా. నిరుడు ఆ పిల్ల మొహం చూస్తూ మాకెవరికీ ముద్ద దిగలేదు.

నీ ఆడపడుచు