రాయనియ్యని కార్డు

సెప్టెంబర్ 25, గురువారం

రాహేలక్క బిడ్డ పెండ్లిచీర పోయింది. మా దుకాణంలనే పోయింది.

పొద్దున పదకొండు గొట్టంగ వచ్చింది రాహేలక్క, డోర్నకల్ నుంచి బండి దిగి సీదా మా మ్యాచింగ్ సెంటర్‌కే. చీర ఇయ్యి చెల్లె అన్నది. ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఫాల్, పీకో కోసమని ఇచ్చిపోయిన తెల్లపట్టు చీర అది, వెండి జరీ అంచుది. వాళ్ల చర్చిల పెండ్లికి తెల్లదే కట్టుకుంటరు. పిల్ల పేరు ప్రసన్న. పెండ్లి అక్టోబర్ తొమ్మిదికి.

గల్లా కింద చూసిన, మిషిన్ కింద చూసిన, తెల్లగ కనవడ్డ ప్రతి మూట ఇప్పిన. లేదు. కళావతిని అడిగిన. కళావతి ఏడేండ్ల సంది మా పీకో మిషిన్ మీద కూసుంటాంది. ఫాల్ మాత్రం ఇంటికి కొంటవోయి చేతితోని కుడుతది. రోజు పొద్దుమూకినంక నాలుగైదు చీరలు సంచిల ఏస్కొని కాశిబుగ్గకు పోతది, తెల్లారి తెస్తది. ఆ చీర నాకు ఇయ్యలేదక్కా అన్నది. మరి దానికి కాళ్లొచ్చినయా అన్న. జర నిమ్మలంగ యాది చేస్కో అక్కా అన్నది.

నాకు చెప్తదా నిమ్మలంగ అని! ఒంట్లె రక్తమంత నెత్తికెక్కింది. సంచి గుంజుకున్న, రోడ్డు మీదికి ఇసిరిన, దొంగ అన్న. చాయ్ హోటల్ కాడోళ్లు, గాజుల దుకాణమోళ్లు అందరు బయటికొచ్చిండ్రు. మళ్ల అన్న. రాహేలక్క చెవులు మూసుకున్నది.

ఏడ్వలే కళావతి. చీరలు ఏరుకొని, దుమ్ము దులిపి, కౌంటర్ మీద పెట్టింది. పైన కెమెరా దిక్కు చెయ్యి చూపెట్టింది. అండ్ల చూసి మాట్లాడు అక్కా అన్నది. కత్తెర తీస్కొని పోయింది.

చూస్త. చూసి స్టేషన్‌ల కేసు పెడ్త.

అదే రోజు, సాయంత్రం 6

కెమెరల ఏం లేదు! ఎంగిలిపూల నాడుది లేదు, నిన్నటిది లేదు, పొద్దుగాలది గూడ లేదు. స్టోరేజ్ అబ్‌నార్మల్ అని ఎర్రగ వస్తాంది.

సెప్టెంబర్ 26

మా ఆయన రిపేర్ చేస్తనని కూసున్నడు. కెమెరల నుంచి మెమరీ కార్డు తీసిండు, నోటితోని ఉఫ్ అని ఊదిండు, లుంగీ అంచుతోని తుడిచిండు, రబ్బరుతోని రుద్దిండు. పెట్టిండు. సేవ్ అయితలేదు. మళ్ల తీసిండు, మళ్ల ఊదిండు. పొయ్యి అనుకుంటాండా!

ఇంతల ఆయన ఫోన్ చూసిన. నెల రోజుల సంది కెమెరా యాప్ రోజుకో మెసేజ్ పంపుతాంది. కార్డు పనిచేస్తలేదు, చూసుకోండ్రి అని. ఒక్కటి గూడ తెరిచి చూడలే. ఎందుకు చూడలేదయ్యా అంటే లోన్ ఇస్తమనేటోళ్ల మెసేజ్ అనుకున్నడట.

పేరు పెట్టి రాస్తాన ఇయ్యాల. కిషన్ రావు. కిషన్ రావు. కిషన్ రావు. బజార్ల నిన్ను మించిన తెలివిగలోడు లేడు.

సెప్టెంబర్ 27

వంశీ మొబైల్ దుకాణం బంద్. పండుగకు అత్తగారింటికి పోయిండట. మూడు రోజులు రాడట. అల్లుడు గదా, తిననియ్యి.

సెప్టెంబర్ 28, ఆదివారం

నేనే చేస్కుంట అనుకున్న. బిల్లులు కొట్టే లాప్‌టాప్‌ల పెట్టాలంటే చిన్నకార్డును పెద్ద అడాప్టర్‌ల దూర్చాలె. దూర్చిన. రిపేర్ కొడితే రైట్ ప్రొటెక్టెడ్ అన్నది. అడాప్టర్ పక్కకు చిన్న లాక్ ఉంటదని ఫోన్ల వీడియో చూస్తే తెలిసింది. కిందికున్నది, పైకి జరిపిన. గోరు ఇరిగింది. మళ్ల రైట్ ప్రొటెక్టెడే. ఇంకో అడాప్టర్ కొన్న. అదే మాట.

నేనేం రాయొద్దట దాని మీద. నువ్వెవరే నాకు చెప్పేటందుకు? గోరంతున్నవ్.

రాహేలక్క ఫోన్ చేసింది. దొరికిందా చెల్లె అన్నది. దొరుకుతది, దొంగ దొరికినంక చీర గూడ దొరుకుతది అన్న. ప్రసన్న అన్నం తింటలేదని చెప్పి పెట్టేసింది. ఆ చీర పిల్ల నాయన కాలం జేసే ముందట తాను ఎంచి కొన్నదట. గీ మాట ముందుగాల చెప్తే ఏం పోయె? చెప్తే జాగ్రత్తగ పెడ్తుంటి గదా. అందరు నా మీదనే ఏస్తరు.

సెప్టెంబర్ 30, సద్దుల బతుకమ్మ

ఎవరికన్న చెప్పకుంటే పగిలిపోత.

బతుకమ్మ ఆటకాడ కళావతి లేదు. ప్రతి ఏడు ముందుండి పాట ఎత్తుకునేది అదే. కాశిబుగ్గ ఆడోళ్లు వచ్చిండ్రు, నన్ను చూసి గుసగుస మొదలుపెట్టిండ్రు. ఒకామె దగ్గరికొచ్చి చెప్పింది. ఇంకో రెండు దుకాణాలోళ్లు గూడ కళావతికి ఇచ్చిన చీరలు వాపసు తీస్కపోయిండ్రట. ఇగ ఫాల్ కుట్టుడు లేదట ఆమెకు. ఎవరిస్తరు దొంగకు అన్నది, నన్ను మెచ్చుకున్నట్టే అన్నది.

నాకు సంతోషం కావాలె గదా. కాలే. సత్తుపిండి తినకుంట పక్కామె పిల్లకు ఇచ్చిన. ఎందుకు గిట్లయితాందో తెల్వక ఇంకింత కోపమొచ్చింది. ఆ కార్డు ఒక్కటి సరిగ్గ ఉంటే ఈ పాటికి అంత తేలుతుండె. కళావతి దొంగతనం చేసినట్టు కండ్లార చూస్తే నాకు నిమ్మలమైతుండె.

అక్టోబర్ 1

వంశీ వచ్చిండు. నలుగురి ముందట కార్డు ఆయన బల్ల మీద కొట్టిన. బాగు చెయ్యి, ఎంతసేపైనా కూసుంట అన్న.

ఆయన ఉన్న వీడియోలన్ని ముందుగాల పెన్‌డ్రైవ్‌ల ఎక్కించిండు. అటెన్క ఫార్మాట్ కొట్టిండు. అయిపోయింది అన్నది. తీసి పెట్టి చూస్తే పాతయన్ని అట్లనే ఉన్నయి. డిలీట్ కొట్టిండు. పోయినట్టే పోయి మళ్ల వచ్చినయి. నల్ల స్క్రీన్ మీద ఇంగ్లీషుల ఏందేందో కొట్టిండు. గంట కొట్టిండు. నేను మూడు చాయ్‌లు తాగిన.

ఇగ కాదు ఆంటీ అన్నడు. కార్డు అరిగిపోయిందట. కెమెరా రాత్రింబగళ్లు దాని మీద రాసుడు, తుడుసుడు, రాసుడు, తుడుసుడు. దానికి గూడ ఓ హద్దుంటదట. హద్దు దాటినంక తనకు తానే తాళం ఏస్కుంటదట. కొత్తది రాయనియ్యదు, పాతది తుడువనియ్యదు. ఆఖరుకు రాసింది ఆగస్టు ఇరవై రెండు. ఆ రోజు, అంతకు ముందు ఆరు రోజులు, గంతే ఉన్నయి.

ఎంగిలిపూల నాడుది ఎట్లన్న తియ్యి వంశీ, ఎంతన్న ఇస్త అన్న. రాయందే ఎక్కడి నుంచి తియ్యాలె ఆంటీ అన్నడు. మర్యాదగనే అన్నడు. అయినా ఆయన మీద గూడ ఒర్రిన. పెన్‌డ్రైవ్ తీస్కొని వచ్చిన.

అక్టోబర్ 2, దసరా. మధ్యాహ్నం 2

మా ఆయన జమ్మికి పోయేటందుకు ఇస్త్రీ బట్టలేస్కుంటాండు. నేను రాను అన్న. పెన్‌డ్రైవ్ ముందట పెట్టుకొని కూసున్న. ఆగస్టుదైతే ఏంది, దొంగబుద్ధి ఒక్కనాడు పుట్టదు. ఏదో ఒకటి దొరుకుతది.

3.15

దొరికింది! ఆగస్టు పద్దెనిమిది, పొద్దుమూకి. దారపు రీలు సంచిల ఏస్కున్నది. మన రీలే!

3.40

పంతొమ్మిది పొద్దున సగమైన రీలు తెచ్చి డబ్బల పెట్టింది. ఫాల్ కుట్టేటందుకు కొంటవోయింది. థూ.

4.30

నన్ను నేను చూసిన.

సౌండ్ లేదు. బంద్ చేసి పెట్టిండు మా ఆయన. ఆగస్టు ఇరవై. నేను గల్లా కాడ నిలవడి ఏదో అంటాన. వేలు ఊపుతాన, నోరు ఇంతగనం తెరుస్తాన, మెడ నరాలు లేస్తానయి. కళావతి మిషిన్ మీద తల వంచుకొని కుడుతాంది. ఆయనేమో ఫోన్ల మొఖం పెట్టిండు. దేనికి ఒర్రుతానో నాకు యాదికి లేదు. అర్ధగంట ఒర్రిన. దీపం కాడికి పోయి దండం పెట్టుకొని వచ్చి మళ్ల ఒర్రిన.

ఇరవై ఒకటి గూడ గంతే. దేవుడా, ఈ మనిషి కాడ ఏడేండ్లు ఎట్ల చేసింది?

బంద్ చేద్దామనుకున్న. ఇంకొక్క రోజే ఉన్నది, చూస్త.

7.10

వీడియో మూడుసార్లు ఎనకకు తిప్పి చూసిన.

ఆగస్టు ఇరవై రెండు, శ్రావణ శుక్రవారం. దవాఖాన్ల పనిచేసే నర్సమ్మ ఒకామె తెల్లచీర ఇచ్చిపోయింది. నేను తీస్కున్న. లక్ష్మీదేవి పటం దిక్కు చూసిన. ఎర్ర రవికెగుడ్డ ఒకటి చింపి, చీరకు చుట్టూత చుట్టి, ఏ తెలుపూ కనవడకుంట చేసి, పై రాక్‌ల ఎర్ర లైనింగ్ బట్టల నడుమ దూర్చిన.

మా అత్తమ్మ నేర్పిన పని. శుక్రవారమో, అమావాస్యనో, పండుగనో అయితే ఉత్త తెల్లబట్ట లక్ష్మి ముందట ఉండొద్దు, ఎర్రది చుట్టాలె అనేది. ఇరవై ఏండ్లు చేసి చేసి, చేస్తానని గూడ నాకు తెలుస్తలేదు. ఎంగిలిపూల నాడు అమావాస్య.

స్టూల్ ఏస్కొని ఎక్కిన. పై రాక్, ఎర్ర లైనింగ్ నడుమ. ఉన్నది. వెండి అంచు, మడత మీద మడత. చంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడిన. అందరం తెల్లమూట కోసం వెతికినం. ఎర్రమూటను నేనే కట్టిన.

స్టూల్ మీదనే కూసున్న. జమ్మి తెచ్చి చేతుల పెడితే మా ఆయన మొఖం దిక్కు చూడలేకపోయిన.

అక్టోబర్ 3

కాశిబుగ్గ పోయిన. కళావతి వాకిట్ల ఊడుస్తాంది. వాళ్లమ్మ సమ్మమ్మ గడప మీద కూసున్నది. చీర దొరికింది కళావతీ అన్న. ఎక్కడ అన్నది. చెప్పిన. మొత్తం చెప్పిన, ఎర్రగుడ్డతో సహా.

సమ్మమ్మ నవ్వింది. మంచి నవ్వు గాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదైతది బిడ్డా, నా బిడ్డ ఊర్ల తల ఎత్తలేకుంటున్నది అన్నది.

తప్పయింది, రేపటి సంది పనికి రా, జీతం పెంచుత అన్న. కళావతి చీపురు గోడకు పెట్టింది. ఇక్కడ నా ఇంట్లకొచ్చి గుసగుస చెప్తే నాకేం పనికొస్తది అక్కా అన్నది. ఏ రోడ్డు మీద అన్నవో ఆ రోడ్డు మీద, ఏ యాళ్లకు అన్నవో ఆ యాళ్లకు, దొంగ అని ఎంత గట్టిగ అన్నవో అంత గట్టిగ, కాదని గూడ అనాలె. నేనొచ్చి చెవులార ఇంట.

పనికొస్తవా మరి అన్న. ముందుగాల అను, అటెన్క చూద్దాం అన్నది.

అంత బలుపా అనుకున్న దారి పొంట. నిజం రాస్తాన. గట్లనే అనుకున్న.

అక్టోబర్ 4

రాహేలక్క వచ్చింది. చీర ఒళ్లె పెట్టుకొని తడిమి తడిమి చూసింది, ఏడ్చింది. ఫాల్ నేనే కుట్టిన, కుట్లు వంకర టింకర. ఫరవాలేదు, ఇప్పి మళ్ల కుడుత అన్నది.

ఎక్కడ దొరికిందని అడిగింది. చెప్పక తప్పలే. ఎర్రగుడ్డ చేతిల పట్టుకొని శానసేపు చూసింది. మా పిల్ల పెండ్లిబట్టను చూస్తే మీ లక్ష్మి భయపడతదా చెల్లె అన్నది. కోపంగ అంటే మళ్లి అనేదాన్ని. కోపంగ అనలే.

పోతా పోతా, ఆ పీకో పిల్లకు చెప్పినవా అన్నది. చెప్పిన అన్న. అందరు ఇనంగ చెప్పినవా అన్నది. ఆమెకు కళావతి ఎవరు? ఎవరూ కాదు. నా మీద కోపం ఆమెకు గూడ ఉన్నది, తన చీర కోసం గాదు, కళావతి కోసం.

అక్టోబర్ 5

మా ఆయన వద్దే వద్దంటాండు. రోడ్డు మీద మనమే తప్పు ఒప్పుకుంటే గిరాకి మనల నమ్ముతదా, చీరలెట్ల ఇస్తరు, ఇజ్జత్ పోతది అంటాండు. చాటుకు ఓ పట్టుచీర ఇచ్చి పంపుదామంటాండు.

ఆగస్టు ఇరవై నాడు నేను అర్ధగంట ఒర్రినప్పుడు నీ ఇజ్జత్ ఎక్కడున్నదయ్యా, ఫోన్లనా అన్న. ఏ ఇరవై అన్నడు. వీడియో పెట్టి చూపెట్టిన. మొత్తం చూడలే. బంద్ చెయ్యి భారతీ అన్నడు. అన్నం తినకుంటనే పండుకున్నడు.

నాకు భయమైతాంది. ఇరవై ఏండ్ల సంది బజార్ల నా గొంతు అంటే అందరికి భయం. అదే గొంతుతోని తప్పు నాదని ఎట్లనాలె? అద్దం ముందట అని చూసిన. కీచుమని వచ్చింది. కోపం లేకుంటే నాకు గొంతే లేదా?

అక్టోబర్ 6, సోమవారం

కళావతికి కబురు పంపి, పదకొండింటికి రోడ్డు మీద నిలవడ్డ. కళావతి అవతల గాజుల దుకాణం మెట్ల మీద నిలవడ్డది. చాయ్ హోటలోళ్లు బయటికొచ్చిండ్రు. కళావతి దొంగ కాదు, చీర దాసింది నేనే, మరిసిపోయింది నేనే అని ఒర్రిన.

ఇనవడలే అక్కా అన్నది.

మళ్ల ఒర్రిన.