కడబంతి వంతు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను, నమ్మకు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఇది కంపెనీ ఇచ్చిన ఫోను. ఇందులో మాట్లాడిందంతా హెడ్డాఫీసుకి వినపడుతుందని మావాళ్ళ గట్టి నమ్మకం. అందుకే పెన్ను పట్టాను.

మా లాండ్రీకి ఆసుపత్రుల దుప్పట్లు వస్తాయని నీకు తెలుసుగా. ఇన్నాళ్ళూ ఎవరి పని వాళ్ళు చేసుకుపోయారు. ఇప్పుడు గోడకో తెర తగిలించారు. మూట పూర్తవగానే అందులో ఎవరి ఫోటో వాళ్ళు నొక్కాలి, మార్కు పడుతుంది. మరక పోలేదని దుప్పటి తిరిగొస్తే అప్పుడూ నొక్కాలి, మార్కు పోతుంది. ఒకరి బదులు ఒకరు నొక్కకూడదు. వరసగా రెండు నెలలు అందరికన్నా కింద ఉన్నవాళ్ళని ఇంటికి పంపేస్తారట.

ఈ నెల కింద ఉన్నది ఇస్త్రీ పెద్దమ్మ. ఆవిడ పనికి వంక పెట్టలేం. ఏళ్ళ తరబడి వేడి తగిలి వేళ్ళు మొద్దుబారిపోయాయి, అంతే. ఎంత నొక్కినా తెరకి తెలియడం లేదు. హెడ్డాఫీసుకి రాస్తే, 'ఆమె వేళ్ళకి శిక్షణ ఇప్పించండి' అని జవాబొచ్చింది. ఈ జీతం తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదురా. నువ్వు కాలేజీలో నాయకత్వం పాఠాలు చెబుతావు కదా, సూపర్వైజరన్నవాడు ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. నాకైతే ఓపిక అయిపోయింది.

ఇట్లు,
నీ బావ

తా.క.: ముక్కుతో నొక్కితే పడుతోంది. కానీ పొద్దస్తమానం ముక్కుతో నొక్కమని ఆ వయసు మనిషికి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి, లోకంలో నేనొక్కణ్ణే కాదన్నమాట అని కాస్త ఊరట పడ్డాను. మా క్లాసులోనూ కెమెరా పెట్టారు. పిల్లలు ఎంతసేపు కళ్ళు తెరుచుకుని ఉంటే నాకన్ని మార్కులు. మా దగ్గరా అదే రూలు, వరసగా రెండు నెలలు. నేనీమధ్య పాఠం చెప్పడం మానేసి అరవడం మొదలుపెట్టాను. గొంతు పోయింది.

మీ ప్రశ్నకి మా పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే జవాబుంది. 'నిజమైన నాయకుడు ఘనతను జట్టుకిస్తాడు, తప్పును తన నెత్తిన వేసుకుంటాడు.' దీన్ని పాటించండి, అంతా అదే సర్దుకుంటుంది.

అక్కయ్యని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: పరీక్షలో ఈ వాక్యం తప్పకుండా వస్తుంది. పాటించినవాణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు.

*

బావమరిదికి,

ఇప్పుడు చూడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. నేను మడతపెట్టిన మూటలన్నిటికీ పెద్దమ్మ ఫోటో నొక్కాను. ఎవరి చేతిలో మరక మిగిలినా, ఏ దుప్పటి చిరిగినా నా ఫోటో నొక్కాను. రూలుకి విరుద్ధమే, అయితే పుస్తకంలో ఉంది కదా అని ధైర్యం చేశాను.

నెల తిరిగేసరికి పెద్దమ్మ అందరికన్నా పైన ఉంది. నేను అందరికన్నా కింద. అంత కింద ఈ కంపెనీలో ఎవరూ ఎప్పుడూ లేరట. 'మీలో మెరుగుపడే అవకాశం పుష్కలంగా ఉంది' అని హెచ్చరిక కాగితం పంపారు. ఇంకో నెల ఇలాగే ఉంటే నేనింటికే.

అసలు విశేషం ఇంకోటుంది. పైనున్నవాళ్ళని నాయకత్వం నేర్చుకోవడానికి మీ కాలేజీకే పంపుతారట. పెద్దమ్మ బయల్దేరింది. ఆవిణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు.

మొదటి అధ్యాయం అయిపోయింది. రెండో అధ్యాయంలో ఏముందో త్వరగా రాయి.

ఇట్లు,
నీ బావ

తా.క.: ఆ కాగితం మీ అక్క కంట పడింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

*

బావగారికి,

ఎంత పని చేశారండీ! తప్పు నెత్తిన వేసుకోమంటే, మీటింగులో నిలబడి 'బాధ్యత నాదే' అనమని. అని కూర్చోవడమే. మా ప్రిన్సిపాలుగారు వారానికోసారి అంటారు, ఆయన కుర్చీ చెక్కుచెదరలేదు. మీరు పోయి తెర మీద నొక్కుతారని కలగన్నానా? రెండో అధ్యాయం మీకు చచ్చినా పంపను.

ఇక నా గోడు వినండి. మీ పెద్దమ్మగారు వచ్చారు. ముందు వరసలో, సరిగ్గా కెమెరా ఎదురుగా కూర్చున్నారు. నేను 'నాయకత్వం' అన్నానో లేదో కళ్ళు మూసుకున్నారు. ఎంత అరిచినా తెరవలేదు. ఆవిణ్ణి చూసి వెనక వరసలూ ధైర్యం చేశాయి. పోయిన నెలా నేనే కింద, ఈ నెలా నేనే. నిన్న నా టేబులు ఖాళీ చెయ్యమన్నారు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మీ ఇద్దర్లో ఎవరి మీద కోప్పడాలో కూడా తెలియడం లేదు. భయంగా ఉంది బావగారూ. పాఠాలు చెప్పడం తప్ప నాకింకేం వచ్చు?

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: వెళ్ళేటప్పుడు ఆవిడ నా తల నిమిరి, 'బాగా చెప్పావు నాయనా' అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

*

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క చదివింది, నేనూ చదివాను. అన్నం సహించలేదు. నా ఉద్యోగమే గాల్లో ఉండి ఇన్ని నెలలు జవాబు రాయలేదు, కోప్పడకు. ముందు ఇది విను.

పెద్దమ్మ తిరిగొచ్చింది. కింద ఉన్నవాడు సూపర్వైజరుగా ఎలా పనికొస్తాడని నన్ను ఉతికే మిషన్ల దగ్గరికి తోసి, ఆవిణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టారు. నా రెండో నెల మొదలైంది, నా పనైపోయిందనుకున్నాను. ఆవిడ తిన్నగా తెర దగ్గరికెళ్ళి, వచ్చిన ప్రతి మరకకీ తన ఫోటో నొక్కడం మొదలుపెట్టింది. ముక్కుతో!

"ఏంటిది పెద్దమ్మా?" అని అరిచాను.

"నీ బావమరిది చెప్పాడుగా, తప్పు మన నెత్తిన వేసుకోవాలని," అంది. "కళ్ళు మూసుకుంటే గానీ నాకు పాఠం బుర్రకెక్కదయ్యా."

ఆవిడ నిద్రపోలేదురా. అంతా విన్నది.

ఆ నెల ఆవిడ కింద, నేను గట్టున పడ్డాను. అది చూసి ఆరబెట్టేవాడు 'వచ్చే నెల నాకివ్వండి' అన్నాడు. మూటలు మోసేవాడు 'నాకు ముందు' అని పోట్లాటకొచ్చాడు. ఇప్పుడు నెలకొకరు కింద ఉంటున్నాం. వరసగా రెండు నెలలు ఎవరూ ఉండరు, కాబట్టి ఎవరి ఉద్యోగమూ పోదు. 'మీ దగ్గర పడినవాళ్ళు వెంటనే లేస్తున్నారు, భేష్' అని హెడ్డాఫీసు మెచ్చుకుంది. నేను మాత్రం ఆరేసిన దుప్పట్ల వెనక్కెళ్ళి ఏడ్చాను. ఇన్నాళ్ళూ పట్టిన అలసటంతా అప్పుడు దిగింది.

మీ మేష్టర్లలో ఒక్కరైనా ఒక్క నెల నీ బదులు కింద కూర్చుంటామన్నారా? సరే పోనీలే.

పెద్దమ్మ పాత ఇస్త్రీ బల్ల ఖాళీగా ఉంది. 'నా కళ్ళే ఆ అబ్బాయి కొంప ముంచాయి, వెంటనే రమ్మను' అంటోంది. ఇస్త్రీ ఆవిడే నేర్పుతుందట. మీ అక్క నీకు ముందుగది సర్దేసింది. బయల్దేరు.

ఇట్లు,
నీ బావ

తా.క.: కొత్తవాడివి కాబట్టి మొదటి నెల అట్టడుగు వంతు నీదేనని అందరూ కలిసి తేల్చేశారు. బెంగపడకు. వడ్డించేవాళ్ళు మనవాళ్ళయినప్పుడు కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు.