బోర్డింగులో మున్నీ సీటు

గౌలిపుర,
హైదరాబాద్.

ప్రభువు కాపుదలలో ఉన్న నా కుమార్తె సుజనకు,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ కూతురు మున్నీ ఆరోగ్యంగానే ఉన్నాము. బెల్లంపల్లిలో నువ్వూ, అల్లుడు కృపాకరూ కుశలమని తలుస్తాను.

ముందుగా ఒక మాట సరిదిద్దాలి. మున్నీ బడి హెడ్‌మిస్ట్రెస్‌ను నేను గొడుగుతో కొట్టానని మన చర్చి సంఘంలో చెప్పుకుంటున్నారు. ఆ సంఘంలోని విమలాదేవి నీకు కూడా ఫోన్ చేసి చెప్పిందట. నేను కొట్టలేదు. ఎండగా ఉన్నందున గొడుగు తీసుకెళ్లాను. మాటల మధ్య దాన్ని ఆవిడ బల్లమీద పెట్టాను. పెట్టడం కొంచెం గట్టిగా జరిగింది. నిజం అంతవరకే.

సాంఘికశాస్త్రం పరీక్షలో మున్నీ ప్రశ్నపత్రాన్ని వెనక్కి తిప్పనే లేదు. ముందువైపు ప్రశ్నలకు చక్కగా జవాబులు రాసి, మిగిలిన సమయమంతా తలమీద తిరిగే ఫ్యాను బొమ్మ వేస్తూ కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించి, "తొమ్మిదో క్లాసుకు వచ్చింది, గింత పొగరేందమ్మా? ముసలోళ్ల పెంపకం గిట్లనే ఉంటది" అన్నారు. అప్పుడే గొడుగు బల్లమీద పడింది.

ఇవన్నీ ఫోన్లో చెప్పవచ్చు. కానీ ఫోన్లో నువ్వు ఏడుస్తావు, నేను కసురుతాను, అసలు సంగతి మిగిలిపోతుంది. అందుకే ఉత్తరం.

నా మోకాళ్ల గురించి అడిగావు. మెట్లెక్కేటప్పుడు మాత్రమే నొప్పి. చేతికర్ర అవసరం లేదు, పంపవద్దు. మున్నీ వేళకు తింటోందా అన్నావు. తింటోంది. కానీ టిఫిన్ డబ్బా బడిలోనే మరచి వస్తుంది. నిన్న పొద్దున ఒక బూటు కనిపించలేదు. వెతకమంటే బీరువా తెరిచి, అందులో మీ నాన్న పాత రేడియో కనబడగానే దాని స్క్రూలు విప్పుతూ కూర్చుంది. బడి ఆటో వచ్చి వెళ్లిపోయింది. స్నానం చేసి, జడ వేసుకుని, సంచీ సర్దుకోమంటే స్నానం దగ్గరే ఆగిపోతుంది. కోప్పడితే ధడాలున తలుపు వేసుకుంటుంది. కాసేపటికి తానే వచ్చి నా ఒళ్లో తల పెడుతుంది. నాకు మాత్రం ఆ రోజంతా మళ్లీ ఓపిక చిక్కదు. అలసిపోయాను సుజనా. "నీకు వయసైంది, నీవల్ల కాదు, బోర్డింగులో వేద్దాం" అని రాశావు. అలసట నిజం. నావల్ల కాదన్నది మాత్రం నిజం కాదు.

మన ఇళ్లలో ఏ బిడ్డ గాడి తప్పినా చెప్పే మందు అదొక్కటే. మా అమ్మ నన్ను బోర్డింగులో వేసింది, నేను నిన్ను వేశాను. గంట కొడితే లేచి, గంట కొడితే ప్రార్థించి, గంట కొడితే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి మనం మనుషులమయ్యాము. నేను బి.ఏ. దాకా చదివింది ఆ అన్నంతోనే. అందుకే నువ్వు అడగగానే వార్డెన్ మాణిక్యమ్మతో మాట్లాడి, పాత విద్యార్థినిగా నా పేరుమీదే మున్నీకి సీటు చెప్పించాను.

ఇక నీకు చెప్పకుండా దాచిన సంగతి. హెడ్‌మిస్ట్రెస్‌ను కలిసి వచ్చిన సాయంత్రం మున్నీకి తల దువ్వుతూ, పేపరు ఎందుకు తిప్పలేదే అని అడిగాను. తిట్టడానికే అడిగాననుకుని ముడుచుకుపోయింది. నేను దువ్వెన పక్కన పెట్టాక చెప్పింది.

"కావాల్నని ఇడ్సిపెట్టలే అమ్మమ్మా. ఒక్కటే పేజీ అనుకున్న. నా బుర్రల అందరూ ఒక్కసారే మాట్లాడ్తరు. ఎవలి మాట ఇనాల్నో సమజ్ గాదు. నేను మొద్దునా?"

మొద్దువి కావు అన్నాను. మరెందుకిలా అంటే చెప్పడానికి నా చదువు చాలలేదు. నిన్ను అడగకుండానే సైదాబాద్‌లో పిల్లల మానసిక వైద్యురాలు రాజరాజేశ్వరిగారికి చూపించాను. ఆవిడ చాలా ఓపికగా విన్నారు. "ఏడీహెచ్‌డీ లాగే ఉందమ్మా, అంటే ధ్యాస ఒకచోట నిలవకపోవడం. ఇది సోమరితనమూ కాదు, పెంపకంలో లోపమూ కాదు. ఆడపిల్లల్లో అల్లరి కనబడకపోతే పరాకు అనేసి వదిలేస్తారు. చిన్నతనం సంగతులు తల్లి వచ్చి చెప్తే తేలుస్తాను" అన్నారు. ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని కూడా అడిగారు. ఉప్పుకు పంపితే ఎవరి రేడియోనో బాగుచేసి, ఉప్పు లేకుండా తిరిగివచ్చే మీ నాన్న గుర్తుకొచ్చారు. చెప్పాను. "తాతకు గూడ గిట్లనే ఉండెనా?" అంటూ మున్నీ అప్పుడు తల ఎత్తింది.

డాక్టరుగారు ఒకసారికి ఒక్క పనే చెప్పమన్నారు. చదివేటప్పుడు పక్కన ఊరికే కూర్చోమన్నారు. నేను పత్రిక చదువుతాను, మున్నీ లెక్కలు చేస్తుంది. మధ్యలో లేస్తే లేవనిస్తాను. వరండాలో అటూ ఇటూ నడుస్తూ కీర్తన మొత్తం తప్పు లేకుండా అప్పజెప్పింది. అద్భుతాలేమీ జరగలేదు. డబ్బా ఈరోజు కూడా బడిలోనే ఉంది.

అయినా నీ మాట తీసివేయలేక, పోయిన శనివారం బోర్డింగు చూపించడానికి తీసుకెళ్లాను. సాయంత్రపు ప్రార్థనలో పిల్లలందరూ కదలకుండా కూర్చున్నారు. మున్నీ కాలు ఆడుతూనే ఉంది. మాణిక్యమ్మ ఆ మోకాలిమీద తట్టి, "ఫికర్ చెయ్యకు అక్కా. రెండు నెలల్ల సీదా చేసిస్త" అంది, ప్రేమగానే. మున్నీ రెండు చేతులతో మోకాలిని అదిమి పట్టుకుంది. ప్రార్థన ముగిసేదాకా వదలలేదు. బయటికి వచ్చాక ఏ వాక్యం చదివారే అని అడిగాను.

"కాలు పట్టుకున్న గదా అమ్మమ్మా. ఇనలే."

నన్ను నిలబెట్టిన బోర్డింగును నేను నిందించను. కానీ ఈ బిడ్డ బలమంతా ఆ కాలు పట్టుకోవడానికే సరిపోతే, వినడానికి ఏం మిగులుతుంది?

మందులు వాడాలా వద్దా అన్నది నువ్వూ కృపాకరూ వచ్చి, డాక్టరుగారి ఎదుట కూర్చుని తేల్చాలి. తల్లివి నువ్వు, అందులో నేను తలదూర్చను. సెలవు దొరకగానే బయలుదేరండి. ఈ ఉత్తరం చదివి కోప్పడతావని తెలుసు. కోప్పడు, భరిస్తాను. ఆ శనివారమే, బస్సెక్కక ముందు, నేను మాణిక్యమ్మ గదికి తిరిగి వెళ్లి మున్నీ సీటును వేరే పిల్లకు ఇవ్వమని చెప్పి వచ్చాను.

ఇట్లు,
మీ అమ్మ,
సుందరమ్మ, బి.ఏ.