చెయ్యి వదిలితే ఆగాలి

రమణన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మదనపల్లెలో ఒక పాత మిద్దె పగలగొడుతుంటే నేను మళ్లీ గంప పట్టుకుని పనికి వచ్చాను. పైన బ్రేకర్ మిషను పట్టింది చౌడేపల్లె చంద్రప్ప. వేళ్లు నొప్పి పుట్టకుండా అతనూ నీలాగే స్విచ్చు నొక్కిపెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేశాడు.

పుంగనూరులో ఆ రోజు గోడ నీ మీద పడినా మిషను ఆగలేదు. శబ్దం వస్తూనే ఉంది కాబట్టి, కింద మట్టి ఎత్తుతున్న మేమంతా నువ్వు పని చేస్తున్నావనే అనుకున్నాం. నీకు తెచ్చిన టీని మెట్టు మీద పెట్టి, చల్లారకుండా మూత కూడా పెట్టాను.

ఈ రోజు చంద్రప్ప మిషను ప్లగ్గు పీకి టీకి దిగగానే నేను పైకెక్కి ఆ ట్యూబును బ్లేడుతో కోసేశాను.

"యాల కోసినావమ్మా? వేళ్లు తిమ్మిరెక్కుతాండాయి" అని తిరిగొచ్చి చూసి అరిచాడు.

"తిమ్మిరెక్కితే దిగి కూసో అప్పా. చెయ్యి ఇడిస్తే అది ఆగాల. ఆగితేనే కదా మేము పైకొచ్చి సూసేది!"

గొణుక్కుంటూ మళ్లీ మిషను పట్టాడు. ఆ తర్వాత మిషను ఆగినప్పుడల్లా "చంద్రప్పా, ఉండావా?" అని కిందినుంచి కేక వేశాను. విసుక్కుంటూనే "ఉండానమ్మా" అని పలికాడు.

సాయంత్రం ఒకసారి ఆగినప్పుడు నా నోట "రమణన్నా, ఉండావా?" అని వచ్చింది. కూలీలంతా గంపలు దించి నా వైపు చూశారు. పైనుంచి ఒక తల తొంగి చూసింది.

"ఉండానమ్మా" అన్నాడు చంద్రప్ప, మెల్లగా.